జపాన్ ఇళ్లలో ప్రకృతి ఎక్కడుంది? చూరు కింద చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: జపాన్ ఆర్కిటెక్చర్ అంటే ప్రకృతితో మమేకం, సమాజంతో అనుబంధం అని క్లాసులో చెబుతున్నారు. ఫోటోలు చూస్తే మాత్రం బూడిదరంగు కాంక్రీటు, తెల్లటి డబ్బాలు, మనిషి జాడలేని గదులు. ఇందులో ప్రకృతి ఎక్కడ, జనం ఎక్కడ? ఫైనలియర్ థీసిస్‌కి కమ్యూనిటీ సెంటర్ తీసుకున్నారు కాబట్టి ఏ భవనాలు చదవాలో కూడా చెప్పమన్నారు.

అనుమానం సరైనదే. టోక్యోలో ఒక చిన్న ఆఫీసులో కొన్నేళ్లు పనిచేశాను, ఇప్పుడు హైదరాబాద్‌లో ప్రాక్టీసు. వెళ్లేముందు నాకూ ఇదే సందేహం ఉండేది. అది తీరింది ఏ మ్యూజియంలోనో కాదు, మా సందులో చెత్త వేసే మూల దగ్గర.

బండి వచ్చే రోజుల్లో సంచులన్నీ ఒకచోట పెట్టి, కాకులు చింపకుండా పైన వల కప్పాలి. బండి వెళ్లాక ఆ వల కడిగి, మడిచి, నేల ఊడ్చే వంతు వారానికో ఇంటిది. దీనికి తోడు కైరన్‌బాన్ అని ఒక అట్ట ఇంటింటికీ తిరుగుతుంది. వీధి సంఘం కబుర్లన్నీ అందులోనే. చదివి, ముద్ర వేసి, పక్కింటి గుమ్మంలో పెట్టాలి. మా పక్కింటి మామ్మగారు పొద్దున్నే తన వాకిలి ఊడ్చుకుని, మా వైపు కూడా ఒక రెండడుగులు ఊడ్చేది. అక్కడితో చీపురు ఆగిపోయేది. మొత్తం ఊడ్చేస్తే మాకు నామోషీ, అసలు ఊడవకపోతే తనకి మర్యాద కాదు. ఆ వీధిలో ఎవరికీ పెరడు లేదు. థర్మాకోల్ చేపల పెట్టెల్లో మట్టి పోసి, గోడవారగా అసగావో అనే పూల తీగలు పాకించేవాళ్లు.

జపాన్ ఆర్కిటెక్టుల్లో నాకు నచ్చినవాళ్లంతా ఆ రెండడుగుల జాగా మీదే పనిచేస్తున్నారని నా అభిప్రాయం. ఇల్లు ఎక్కడ ఆగుతుంది, వీధి ఎక్కడ మొదలవుతుంది, వాన ఎక్కడిదాకా రావచ్చు, ఆ జాగాను ఎవరు చూసుకుంటారు. మీరు ఏ భవనం చూసినా ఇవే అడగండి.

పాత ఇళ్లలో దీనికి ఎన్‌గావా ఉంది. లోతైన చూరు కింద, చాపల గదికీ తోటకీ మధ్య, చెక్క పలకల సన్నటి నడవ. మన అరుగుకి దగ్గరి చుట్టమే, కాకపోతే మన అరుగు వీధిని చూస్తుంది, అది ఎక్కువగా తోటని చూస్తుంది. చెప్పులు విప్పకుండా దాని అంచున కూర్చోవచ్చు. పొరుగామె లోపలికి రాకుండానే టీ తాగి, నాలుగు మాటలు చెప్పి పోవచ్చు. పాత గుళ్ల దగ్గర చూరు కింద నేల మీద సన్నగా గులకరాళ్ల వరస కనిపిస్తుంది. గొట్టాలేమీ పెట్టకుండా చూరు నీళ్లు నేరుగా ఆ రాళ్ల మీద పడతాయి, బురద గోడకి చిమ్మదు. చూరు ఎంత ముందుకొచ్చిందో నేల మీద గీత గీసినట్టుంటుంది.

ఇప్పుడు మీ బూడిదరంగు కాంక్రీటుకి వద్దాం. తదావో ఆందో అనే ఆర్కిటెక్టు 1976లో ఒసాకాలోని సుమియోషిలో ఒక ఇల్లు కట్టాడు. పాత చెక్క ఇళ్ల వరసలో ఒకటి తీసేసి, ఆ మూడుమీటర్ల చిల్లర వెడల్పులోనే కాంక్రీటు పెట్టె దించాడు. పొడవుని మూడు సమభాగాలు చేసి నడిమి భాగాన్ని ఆకాశానికి వదిలేశాడు. ముందు గదిలోంచి వంటింటికి పోవాలన్నా, పడగ్గదిలోంచి బాత్రూముకి పోవాలన్నా ఆ ఖాళీ దాటాల్సిందే. వానొస్తే గొడుగు పట్టుకోవాలి. మండువా ఇంట్లో పెరిగినవాళ్లకి ఇది వింతేమీ కాదు. కాకపోతే మండువాలో చుట్టూ పంచ ఉంటుంది, తడవకుండా తిరిగి రావచ్చు. ఆందో ఆ పంచని కూడా తీసేశాడు. ఆయన లెక్కలో ప్రకృతి అంటే చెట్టు కాదు. నెత్తిన పడే చినుకు, గోడ మీద జరిగే ఎండ, జనవరి చలి. అయితే వీధివైపు చూడండి: గుమ్మం తప్ప కిటికీ లేదు. వాన లోపలికొచ్చింది, పొరుగు బయటే ఉండిపోయింది. ఈ ఇంటిని మెచ్చుకునే వ్యాసాలు ఈ రెండో సంగతిని సాధారణంగా దాటేస్తాయి.

దీనికి జవాబులాంటిది ర్యూయే నిషిజావా టోక్యోలో కట్టిన మొరియామా ఇల్లు, 2005. ఒక్క ఇంటిని పది విడివిడి డబ్బాలుగా విడగొట్టి తోటలో పరిచాడు. ఒక డబ్బా పడకగది, ఒకటి స్నానాలగది, కొన్ని అద్దెకి. డబ్బాల మధ్య సందుల్లో చెట్లు, కుర్చీలు. ప్రహరీ లేదు. దీని వెనక చట్టం కూడా ఉంది. సరిహద్దు నుంచి 50 సెంటీమీటర్లు వదిలి కట్టాలని జపాన్ సివిల్ కోడ్ చెబుతుంది. అందుకే టోక్యోలో ఇంటికీ ఇంటికీ మధ్య పిల్లి తప్ప ఎవరూ పోలేని పనికిమాలిన సందు ఉంటుంది. నిషిజావా ఆ సందునే పెద్దది చేసి ఇంటి నడిబొడ్డున పెట్టాడు. మన దగ్గర సెట్‌బ్యాక్‌లో (సరిహద్దు నుంచి వదిలే జాగాలో) ఏముంటుందో మీకు తెలుసు: సెప్టిక్ ట్యాంకు, జనరేటరు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు.

నిషిజావా, కజుయో సెజిమా కలిసి నడిపే సంస్థ సానా. వాళ్ల కనజావా మ్యూజియం (2004) గురించి ఒక్క మాట: 112.5 మీటర్ల వ్యాసంతో గుండ్రటి గాజు భవనం, ముందూ వెనకా లేవు, ఏ వైపు నుంచైనా వెళ్లొచ్చు. టికెట్ లేని భాగంలోనే స్కూలు పిల్లలు, ముసలివాళ్లు కాలక్షేపం చేస్తుంటారు. ప్లాను ఒక్కటి చూసినా చాలు.

తెషిమా దగ్గర మాత్రం కొంచెంసేపు ఆగుతాను. సెటో లోతట్టు సముద్రంలో చిన్న దీవి. 1970ల చివరి నుంచి 1990 దాకా అక్కడ పరిశ్రమల వ్యర్థాలను చట్టవిరుద్ధంగా తెచ్చి పారబోశారు. ఊరివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 2000లో ఒప్పందం కుదిరింది. దాదాపు 9 లక్షల టన్నుల చెత్తనీ, పాడైన మట్టినీ పక్కనున్న నవోషిమాకి తరలించి శుద్ధి చేయడం 2017లో గానీ పూర్తి కాలేదు. తెషిమా ఆర్ట్ మ్యూజియం తెరిచింది 2010లో, అంటే ఆ చెత్త ఇంకా తరలుతున్నప్పుడే. ఆర్టిస్టు రెయి నైతో, ఆర్కిటెక్టు నిషిజావా. దీన్ని కట్టిన తీరు మీ సైటు మేస్త్రీకి చెప్పి చూడండి. కాంక్రీటు నిలబెట్టడానికి సెంట్రింగ్ చట్రం కొట్టలేదు. మట్టిని గుట్టగా పోసి, నున్నగా చెక్కి, దాని మీద కాంక్రీటు పోసి, గట్టిపడ్డాక లోపలి మట్టిని తవ్వి తీసేశారు. సుమారు 40 × 60 మీటర్ల పెంకు, మందం 25 సెంటీమీటర్లు, లోపల ఒక్క స్తంభం లేదు. పైన రెండు పెద్ద రంధ్రాలు, వాటికి గాజు లేదు.

చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను. ముందు ఏమీ కనిపించదు. కాసేపటికి కాళ్ల దగ్గర నేలలోంచి గుండుసూది తలంత నీటి బొట్టు ఊరుతుంది. అది కాస్త లావెక్కి, మనకి కనిపించని వాలులో జారి, ఇంకో బొట్టుతో కలిసి, పాములా పరుగెత్తి ఒక మడుగులో పడుతుంది. నేలంతా ఇలా జరుగుతూనే ఉంటుంది. పైరంధ్రంలోంచి ఆకు పడితే అది కూడా ప్రదర్శనలో భాగమే. అక్కడున్న ఇరవై మందీ చెప్పకుండానే గొంతులు తగ్గించేశారు, ఒకాయన హాయిగా నిద్రపోయాడు. బయటికొస్తే కొండవాలున మెట్ల పొలాలు. సాగు మానేసి అడవి కమ్మేసిన ఆ మడులను మ్యూజియం పనులతో పాటే ఊరివాళ్లతో కలిసి మళ్లీ వరికి తెచ్చారు. నా దృష్టిలో ఆ పెంకు ఎంత గొప్పదో ఈ మడులూ అంతే. ఫోటోలో పెంకే వస్తుంది.

ఇక జనం సంగతి. జపాన్ ఆర్కిటెక్టులు సమాజం గురించి గట్టిగా ఆలోచించడం వెనక భూకంపాలున్నాయి. 1995లో కోబె భూకంపం తర్వాత తాత్కాలిక ఇళ్లను చాలావరకు లాటరీ తీసి పంచారు. న్యాయంగానే కనిపిస్తుంది. కానీ పాత వీధివాళ్లు తలో దిక్కయ్యారు, ఒంటరి వృద్ధులు గదుల్లో చనిపోతే రోజుల తర్వాత గానీ తెలియని ఘటనలు వరసగా జరిగాయి. దీనికి జపనీయుల దగ్గర ఒక మాటే ఉంది: కొదొకుషి, ఒంటరి చావు. ఇల్లిస్తే సరిపోదు, ఇంటి ముందు ఎవరో ఒకరు ఉండాలి అని ఆ దేశానికి అప్పుడు అర్థమైంది.

ఆ కోబెలోనే ఆర్కిటెక్టు షిగెరు బాన్ కాలిపోయిన చర్చి స్థలంలో 58 కాగితపు గొట్టాలతో వాలంటీర్ల చేత ఒక చర్చి కట్టించాడు. కొద్దికాలానికని కట్టింది పదేళ్లు నిలిచింది. తర్వాత విప్పి, తైవాన్‌లో 1999 భూకంపం దెబ్బతిన్న తావోమి అనే పల్లెకి తీసుకెళ్లి మళ్లీ నిలబెట్టారు. కాంక్రీటు చర్చి అయితే ఎవరు మోస్తారు? ఇదే బాన్ 2001లో గుజరాత్ భుజ్‌కి వచ్చాడు. కోబెలో కాగితపు ఇళ్ల పునాదికి ఇసుక నింపిన బీరు క్రేట్లు వాడాడు. భుజ్‌లో అవి దొరకలేదు, కూలిన ఇళ్ల శిథిలాలనే పునాదిగా పరిచి, పైన మట్టి నేల అలికించాడు, కప్పుకి వెదురు వాడాడు.

2011 సునామీ తర్వాత తోయో ఇతో మొదలుపెట్టిన "మిన్నా నో ఇయె" (అందరి ఇల్లు) మీ థీసిస్‌కి సూటిగా పనికొస్తుంది. ఇతో అప్పటికే సెందాయ్ మీడియాటెక్ (లైబ్రరీ, గ్యాలరీ కలిసిన పేరున్న భవనం) కట్టిన పెద్దమనిషి. ఆ ఏడాది సెందాయ్‌లో, తాత్కాలిక ఇళ్ల మధ్య ఒక్క గది కట్టడానికి అక్కడి ముసలివాళ్లతో కూర్చున్నాడు. వాళ్లకి కావలసింది వాలు కప్పు, ఎన్‌గావా, చుట్టూ చేరడానికి పొయ్యి. కొత్తదనం మీదే పేరు తెచ్చుకున్న మనిషికి ఈ జాబితా మింగుడుపడటం తేలిక కాదు. అయినా అదే కట్టాడు. రికుజెన్‌తకతాలో ముగ్గురు యువ ఆర్కిటెక్టులతో కలిసి కట్టినదానికి సునామీ ఉప్పునీటికి ఎండిపోయిన సుగి (జపాన్ దేవదారు) మానులనే స్తంభాలుగా నిలబెట్టారు. ఆ పని 2012 వెనిస్ బియెన్నాలే ఆర్కిటెక్చర్ ప్రదర్శనలో జపాన్ పెవిలియన్‌కి గోల్డెన్ లయన్ బహుమతి తెచ్చింది. 2016లో కుమమోతోలో భూకంపం వచ్చేసరికి ఇది ప్రభుత్వ పద్ధతిలో భాగమైపోయింది, తాత్కాలిక ఇళ్ల దగ్గర ఇలాంటివి 80కి పైగా లేచాయి. ఒక ఆర్కిటెక్టు ఊహ అలా మామూలు పనై, సంతకం చెరిగిపోవడం నాకు అన్నిటికంటే నచ్చిన విషయం.

రికెన్ యమమోతోని తప్పకుండా చదవండి, 2024లో ప్రిట్జ్‌కర్ (ఆర్కిటెక్చర్‌లో అతిపెద్ద అవార్డు) వచ్చాక అందరూ చదువుతున్నారు గానీ ఆయన నలభై ఏళ్లుగా ఒకటే చెబుతున్నాడు: ఒక కుటుంబానికి ఒక మూసిన ఇల్లు అనే పద్ధతే తప్పు అని. కుమమోతోలోని హొతకుబో ఇళ్ల సముదాయం (1991) ప్లాను తీయండి. 110 ఇళ్లు, మధ్యలో పెద్ద ఆవరణ, ఆ ఆవరణలోకి ఇళ్లలోంచే దారి. అంటే అది అందరిదీ కాదు, అక్కడ ఉండేవాళ్లది. ఇళ్లలో గదికీ గదికీ మధ్య ఆరుబయట దాటాల్సి రావడం మీద విమర్శలొచ్చాయి. కొరియాలోని పాంగ్యోలో 2010లో కట్టిన ఇళ్లకు ఆయన ఒక అంతస్తు గోడల్ని గాజువి పెట్టాడు, మొదట కొనేవాళ్లు భయపడ్డారు. తర్వాత అక్కడివాళ్లే ఆ గాజు గదుల్ని అతిథులకి, ఆటలకి, పనికి వాడుకుంటూ ఒకరికొకరు పరిచయమయ్యారు. వెంటనే ఫలితం చూపించే పని కాదు ఇది. మన బిల్డరుకి అంత ఓపిక ఉండదు, అది వేరే సంగతి.

పిల్లల భవనం ఒకటి చూడాలంటే టోక్యో పక్కన తచికావాలో ఫుజి కిండర్‌గార్టెన్, 2007, తెజుకా దంపతుల పని. అండాకారపు గారెలా ఉంటుంది. కప్పే ఆటస్థలం, పిల్లలు గుండ్రంగా పరుగెత్తుతూనే ఉంటారు, మూల లేదు కాబట్టి ఆగాల్సిన పని లేదు. అంతకుముందే అక్కడున్న మూడు పెద్ద జెల్కోవా చెట్లు కప్పులోంచి పైకొస్తాయి, మాను చుట్టూ వల కట్టారు, పిల్లలు పడితే వలలో పడతారు. తరగతి గదుల మధ్య గోడలు లేవు. చేతులు కడిగే చోటు చూడండి: గోడకి కొళాయిల వరస పెట్టకుండా మన నూతి గట్టులా గుండ్రంగా కట్టారు, పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కబుర్లాడతారు. కప్పు మీది వాన గొట్టంలోంచి ధారగా కింద పడుతుంది, దాని కింద పిల్లలు. పంచలో నిలబడి చూరు ధార పట్టిన మనకి దీని సంతోషం ఎవరూ వివరించనక్కర్లేదు.

ఇంత మెచ్చుకున్నాక రెండో వైపు కూడా చెప్పాలి. ప్రకృతిని పూజించే దేశం అనే మాటని అలాగే మింగేయకండి. అదే సునామీ తర్వాత ఈశాన్య తీరం పొడవునా సుమారు 400 కిలోమీటర్ల కాంక్రీటు గోడలు తలపెట్టారు. కొన్ని ఊళ్లలో ఇప్పుడు ఇంట్లోంచి సముద్రం కనపడదు. నగరాల్లో చాలా వాగులు కాంక్రీటు కాలువలే. 2023 గృహ సర్వేలో ఖాళీగా పడి ఉన్న ఇళ్లు 90 లక్షలు, మొత్తంలో 13.8 శాతం. మనం ఫోల్డర్లలో దాచుకునే ఆ సుందరమైన ఇళ్లు ఈ సముద్రంలో చిన్న చుక్క.

చెక్క గురించి కూడా. కెంగో కుమా 2000లో తొచిగిలోని నకగావా పట్టణంలో హిరోషిగే మ్యూజియం కట్టాడు. హిరోషిగే అంటే వాన దృశ్యాలకు పేరుపడ్డ పాతకాలపు చిత్రకారుడు. గోడ, కప్పు అంతా సన్నటి సుగి పట్టీలు, వాన గీతల్లా ఉంటాయి. పాతికేళ్లు నిండకముందే కప్పు మీది పట్టీలు పుచ్చి విరిగాయి, 2024లో దాని మరమ్మతు ఖర్చు పెద్ద చర్చ అయింది. కుమాని ఎగతాళి చేయడం తేలిక. కానీ ఇసెలోని షింతో మందిరాన్ని ఇరవై ఏళ్లకోసారి కొత్త చెక్కతో మొత్తం తిరిగి కడతారు, కిందటిసారి 2013లో. షిరకవా-గో అనే కొండపల్లెలో పెద్ద గడ్డి కప్పు మార్చాలంటే ఊరంతా ఒకేరోజు ఎక్కుతుంది. దాన్ని "యుయి" అంటారు, మనవాళ్లు నాట్లకు ఒకరింటికొకరు బదులు వెళ్లినట్టు. చెక్క అక్కడా పుచ్చుతుంది. మార్చే చేతులు మాత్రం ముందే లెక్కలో ఉన్నాయి. నకగావాలో పట్టీలను చూరు కాపు లేకుండా వానకి వదిలేశారు, మార్చేవాళ్లెవరో తేల్చుకోలేదు.

ఈ మధ్య ఒక క్లయింటు ఇంటికి జపనీస్ ఎలివేషన్ (ముందువైపు రూపం) కావాలని వచ్చారు. చెక్క రంగు వేసిన అల్యూమినియం పట్టీలు, తెల్ల గులకరాళ్లు, కుండీలో వెదురు. వీధివైపు ఏడడుగుల ప్రహరీ. ప్రహరీని మూడడుగులు చేసి, బయటివైపు ఒక అరుగు కడదామన్నాను. ఎవరెవరో వచ్చి కూర్చుంటారండీ అన్నారు. అరుగు అందుకే కదా అనలేక ఊరుకున్నాను.

ఫుమిహికో మాకిని వదిలితే జాబితా పూర్తవదు. మనవాళ్లకి ఈ పేరు 2016లో విన్నట్టు గుర్తుండాలి. అమరావతి ప్రభుత్వ భవనాల పోటీలో మొదట ఎంపికైంది ఆయన సంస్థ డిజైనే, తర్వాత అది పక్కకి పోయింది. ఆయన అసలు బలం టోక్యోలోని హిల్‌సైడ్ టెరస్. ఒకే స్థల యజమాని కుటుంబంతో 1969 నుంచి 1992 దాకా ఆరు విడతలుగా కట్టుకుంటూ పోయాడు. ఒక విడతలో జనం ఎలా తిరుగుతున్నారో చూసి తర్వాతది గీశాడు. వీధికి ఆనుకుని దుకాణాలు, మెట్లు, చిన్న వాకిళ్లు. భవనాల మధ్య ఒక ప్రాచీన సమాధి దిబ్బ, దాని మీద చెట్లు, చిన్న గుడి. చదును చేయకుండా దాని చుట్టూ తిరిగి కట్టారు. టెండరు పిలిచి పద్దెనిమిది నెలల్లో ఇవ్వమంటే ఇలాంటిది రాదు.

థీసిస్‌కి నా సలహా: రెండర్లు (కంప్యూటర్ బొమ్మలు) చూడటం ఆపి, 1:20 స్కేలులో అంచుల సెక్షన్లు (నిలువుగా కోసి చూపే బొమ్మలు) గీయండి. సెందాయ్ అందరి ఇంటి ఎన్‌గావా, ఫుజి కిండర్‌గార్టెన్ కప్పు అంచు, హొతకుబోలో ఇంటికీ ఆవరణకీ మధ్య గుమ్మం. పక్కనే మీ ఊళ్లో ఒక అరుగుని టేపుతో కొలిచి గీయండి: ఎత్తెంత, లోతెంత, చూరు ఎంత ముందుకొచ్చింది, ఏ వేళకి నీడ ఎక్కడ పడుతుంది. ప్రోగ్రాం షీటులో మల్టీపర్పస్ హాలు అని రాసి వదిలేయకుండా, తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో, పొద్దున ఎవరు ఊడుస్తారో రాయండి. జ్యూరీలో ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

మీ సైటు ఎక్కడో రాయలేదు. మంచి వాన పడ్డ రోజు ఒక గంట అక్కడ నిలబడి, నీళ్లు ఎటు పారుతున్నాయో, జనం ఏ చూరు కిందికి పరుగెత్తుతున్నారో గీసుకుని ఆ స్కెచ్ ఇక్కడ పెట్టండి. ప్లాను సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.